దొరగారి దోమతెర

మా అత్తగారింట్లో దొరగారి గురించి తెలియనిది లేదు. తెల్లవాళ్ళ ఏలుబడిలో ఎప్పుడో ఓడ దిగి, బందరులో ఫిరంగి దళంలో చేరి, అక్కడే పెళ్ళాడి, అక్కడే మట్టిలో కలిసిన మనిషి ఆయన. పొద్దున్నే ఏం తాగేవాడు, నడిచేటప్పుడు ఏ కాలు ఈడ్చేవాడు, గుర్రాన్ని ఏమని పిలిచేవాడు, ఇవన్నీ ఆ ఇంట్లో పలక పట్టిన పిల్లని అడిగినా చెబుతుంది. గోడకి ఆయన కత్తి ఒర వేలాడేది. కత్తి లేదు. కాపురానికి వెళ్ళిన కొత్తలో కత్తి ఏమైందని అడిగాను. "ఒర ఉంది కదమ్మా, చాలదా?" అన్నారు మా అత్తగారు.

ఆ ఇంటి మనుషులు తెల్లగా ఉంటారని మీరు అనుకుంటారేమో. నాకంటే ఒక చాయ తక్కువే. మా ఆయన కళ్ళు మాత్రం ఎండలోకి తిప్పి చూస్తే కాస్త తేనెరంగులో కనిపిస్తాయి. ఆ తేనెరంగు మీద ఆ వంశమంతా బతికేస్తోంది. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్న సామెత ఎవరి ఇంట్లో పుట్టిందో గానీ, పెరిగింది మాత్రం మా అత్తగారింట్లోనే. ఆవిడ పొద్దున్నే రొట్టె తప్ప ఇంకోటి ముట్టరు, అది దొర తిండి కాబట్టి. ఆ రొట్టెని రాత్రి మిగిలిన చేపల పులుసులో ముంచుకుని తింటారు, అది రుచిగా ఉంటుంది కాబట్టి.

నేను ఊరి చివరి పేట నుంచి వచ్చినదాన్ని. మా తాత చెప్పులు కుట్టాడు, మా నాన్న బడిపంతులయ్యాడు, నేను నర్సునయ్యాను. ఈ మూడు ముక్కలూ ఎవరడిగినా చెప్పడం మా ఇంట్లో అలవాటు. పెళ్ళిచూపుల్లో కూడా చెప్పాను. మా అత్తగారు విని, "పోన్లే అమ్మా, దొరగారి ఇంటికొచ్చాక అయ్యన్నీ ఎవరడుగుతారు," అన్నారు. దయతోనే అన్నారు. ఆ దయకి నాకు ఒళ్ళు మండిపోయింది.

ఎనభైల మొదట్లో మేం అబూదబీలో ఉండేవాళ్ళం. మా ఊరివాళ్ళ లెక్కలో అదీ దుబాయే. నేను ఆసుపత్రిలో నర్సుని, మా ఆయన ఒక కంపెనీ స్టోర్సులో గుమాస్తా. నా ఆడబడుచు కూడా నర్సే. తనని మా ఆసుపత్రికే రప్పించుకున్నాను, మా ఫ్లాట్లోనే ఉండేది. మాట తక్కువ, పట్టుదల ఎక్కువ. అన్నగారికి పట్టుదల బొత్తిగా లేదు కాబట్టి ఆ వాటా కూడా తనకే వచ్చిందని నేను ఎగతాళి చేసేదాన్ని.

తను ఒకతన్ని ఇష్టపడింది. రువైస్ జెట్టీ దగ్గర, పెద్ద ఓడల్ని లాగే చిన్న ఓడ మీద పని చేసేవాడు. తాడు చేతికి చుట్టుకుని వేళ్ళు నలిగితే మా ఆసుపత్రికి తెచ్చారు. కట్లు కట్టింది తనే. కట్లు విప్పేసరికి ఇద్దరికీ కుదిరిపోయింది. ఊరు మా బందరు పక్కనే, కాలవ గట్టు మీది పల్లె. మతానికి మాలాగే క్రైస్తవుడు, కులానికి పల్లెకారు. శుక్రవారం సెలవు దొరికితే చాలు, ఆ ఎడారి రోడ్డంతా బండి నడుపుకుంటూ వచ్చేవాడు, సంచీలో హమూరో షేరీయో తాజా చేప పెట్టుకుని. మర్యాదస్తుడు. నవ్వితే నోరంతా నవ్వు.

మా ఆయన ఈ సంగతి అమ్మకి రాశాడు. రాసి ఊరుకున్నా బాగుండేది, ఆ పిల్లాడి కులం కూడా రాశాడు. మా అత్తగారు విజిట్ వీసా మీద దిగారు. నాకు తొలి కాన్పు దగ్గర పడింది, సెలవు లేక పుట్టింటికి వెళ్ళలేకపోయాను, పురుడు పోయడానికి వచ్చానని విమానాశ్రయంలో అందరికీ చెప్పారు. కార్లో కూర్చోగానే కూతురితో అన్న మొదటి మాట, "దొర రక్తం పట్టుకెళ్ళి చేపలోడికి పోస్తానంటే చూస్తా ఊరుకుంటానంటే?"

నా ఆడబడుచు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

పురుడు నేను పనిచేసే ఆసుపత్రిలోనే జరిగింది, ఆడపిల్ల. ఇంటికి తెచ్చేసరికి మా పడగ్గది గుమ్మానికి ఒక పాత నూలు తెర వేలాడుతోంది. అది దొరగారి దోమతెర. ఆ ఇంట్లో ఏ పురుడొచ్చినా బాలింత గదికి అది కట్టాల్సిందే. దొరగారు ఇంగ్లండు సీమ నుంచి తెచ్చిన ఆచారమట. అత్తగారు దాన్ని తెల్ల దుప్పట్లో చుట్టి, ట్రంకు పెట్టెలో అడుగున పెట్టి తెచ్చారు. మా ఫ్లాటు ఆరో అంతస్తులో, కిటికీలు ఎప్పుడూ మూసి, ఏసీ గుర్రుమంటూ ఉండేది. దోమ అన్నది ఆ బిల్డింగులో పుట్టి ఎరగదు.

ఆ తెర కన్నాల్లో నా బొటనవేలు సులువుగా దూరుతుంది. దోమలు సంసారంతో సహా, కావాలంటే సామాన్లు నెత్తిన పెట్టుకుని వెళ్ళొచ్చు. అంచు పొడుగునా చిన్న చిన్న సీసపు గుళ్ళు కట్టి ఉన్నాయి. అవెందుకని అడిగితే, గాలికి లేవకుండా అన్నారు. బందరులో పుట్టినవాళ్ళకి వల అంటే తెలియదా అని మీరు అడగొచ్చు. తెలియాలంటే ముందు చూడాలి. దొరగారిదని చెప్పిన వస్తువుని మా అత్తగారింట్లో ఎవరూ చూడరు, భక్తితో తలొంచుకుంటారు. నాకు మొదటి రోజే తెలిసింది. కానీ బాలింతకి వాదించే ఓపిక ఎక్కడుంటుంది?

పైగా నా ట్రైనింగు మొదలైంది. ఏటా కొన్ని కన్నాలు చిరుగుతాయి కాబట్టి దాన్ని బాగుచేయడం ఆ ఇంటి కోడలికి రావాలి. దారం చుట్టిన వెదురు సూది, కన్నం కొలతకి ఒక చిన్న పుల్ల, వీటితో ముడి ఎలా వేయాలో మా అత్తగారు మంచం పక్కన కూర్చుని చూపించేవారు. ఆవిడకి ఆవిడ అత్తగారు నేర్పారు, ఆవిడకి ఆవిడ అత్తగారు. కూతుళ్ళకి నేర్పరు, వాళ్ళు పరాయి ఇంటికి పోతారు కాబట్టి. దొరసానుల పనితనమమ్మా ఇది, అందరి చేతులకీ రాదు అనేవారు. నా చేతికి వారంలో వచ్చేసింది. ఆవిడకి అది పెద్దగా నచ్చలేదు.

ఈలోగా శుక్రవారాలు గడుస్తున్నాయి. పిల్లాడు వచ్చేవాడు, గుమ్మం దగ్గరే చేప ఇచ్చేవాడు. మా అత్తగారు సంచీ అందుకుని తలుపు వేసేవారు. ఆ చేపని పులుసు పెట్టుకుని తింటూ, "చేప మంచిదే. మనిషి దారి మనిషిది," అనేవారు.

మా ఆయన కంపెనీలో ముదీర్, అంటే మేనేజరు, ఒక ఇంగ్లీషాయన. సాయంత్రమైతే మిగతా తెల్లవాళ్ళు గ్లాసులు పట్టుకునేవారు, ఈయన చచ్చినవాళ్ళని పట్టుకునేవాడు. ఎవరి వంశమైనా సరే, ఎవరు ఎవరికి పుట్టారో తవ్వి తీసి బొమ్మ గీయడం ఆయనకి పిచ్చి. ఈ సంగతి తెలిసిన మరుక్షణం మా అత్తగారు కొడుకు వెంట పడ్డారు.

"మీ దొరచేత మన దొర వంశమంతా రాయించరా. ఇంగ్లీషులో, నల్ల సిరాతో. ఆ చేపలోడి మొహాన పెడతా. ఇంకోసారి ఈ గుమ్మం తొక్కడు."

"అడుగుతానమ్మా."

"ఎప్పుడు, ఆయన రిటైరయ్యాకా?"

మా ఆయన నోట్లో నాలుక లేని మనిషి. ముదీర్ ముందు పళ్ళు కూడా ఉండవు. ఎలాగో అడిగాడు. ఆ ఇంగ్లీషాయన ఎడారిలో నీళ్ళు కనబడ్డట్టు సంబరపడ్డాడు. సెలవుకి వాళ్ళ దేశం వెళ్ళినప్పుడు అక్కడి పాత రికార్డులు వెతుకుతానన్నాడు. ఈ వార్త బందరు చేరేసరికి, దొర వంశమని కాగితం వస్తే అందరికీ లండన్ వీసాలు ఇస్తారట అని మారింది. మా ఆయన పెదనాన్న కొడుకు కోటు కుట్టించుకున్నాడని ఉత్తరం వచ్చింది.

సెలవు నుంచి రాగానే ముదీర్ శుక్రవారం భోజనానికి వచ్చాడు. మా అత్తగారు పట్టుచీర కట్టారు. ఆయన చంకలో కంపెనీ డ్రాయింగు కాగితం చుట్ట ఉంది. ఒక వైపు పైపుల బొమ్మ, రెండో వైపు మా వంశం. టేబులు మీద పరిచి, నాలుగు మూలలా మా ఉప్పు డబ్బా, పచ్చడి సీసాలు పెట్టాడు.

"మీ పూర్వీకుడు దొరికాడు," అన్నాడు ఇంగ్లీషులో. "ఫిరంగి దళంలోనే ఉన్నాడు. ఫిరంగులు లాగే ఎడ్లకి మేతా నీళ్ళూ చూసే ఉద్యోగం."

మా ఆయన ఉప్పు డబ్బా సరిగ్గా జరిపాడు.

"ఏమంటన్నాడ్రా?" అన్నారు అత్తగారు.

"సైన్యంలో రవాణా అంతా ఆయన చేతి మీదే నడిచేదంటమ్మా."

నాకు ఇంగ్లీషు వచ్చు కాబట్టి నవ్వాపుకోలేక పిల్ల ఏడుస్తోందని లోపలికి వెళ్ళొచ్చాను. వచ్చేసరికి ఆయన, గుర్రమెక్కే హోదా కాదని చెబుతున్నాడు. అంటే తరతరాలుగా పిల్లలు బట్టీ పట్టిన ఆ గుర్రం పేరు బహుశా ఒక ఎద్దుది. ఈ ముక్కని మా ఆయన అసలు అనువాదమే చేయలేదు.

"మగవాళ్ళని వెతకడం తేలిక," అన్నాడు ముదీర్. "జీతం తీసుకున్న ప్రతివాడూ ఎక్కడో సంతకం పెట్టి ఉంటాడు. చిక్కంతా భార్యలతోనే. వాళ్ళు ఏ ఇంటి నుంచి వచ్చారో మీరే చెప్పాలి."

అప్పుడు చూశాను. కాగితం మీద ఒక్కొక్క మగవాడికీ ఒక గడి, అందులో పేరు, ఉద్యోగం. దాని పక్కనే ఇంకో గడి, అందులో ఏమీ లేదు. దొరగారి దగ్గర్నుంచి మా మామగారి దాకా అదే వరస. తన ఇంటి కాగితంలోనూ ఇంతే, తన నాయనమ్మ గడి ఇంకా ఖాళీయే అన్నాడాయన, కాస్త సిగ్గుపడుతూ.

"దొరగారి భార్య ఎవరు?" అని అడిగాడు. మా ఆయన అటూ ఇటూ మాట అందిస్తున్నాడు.

"జమీందారుగారి ఆడపడుచు. ప్రేమించి, నగలతో సహా వచ్చేసింది," అన్నారు అత్తగారు వెంటనే.

"ఏ జమీందారు?"

"పెద్ద జమీందారు."

"ఆమె పేరు?"

మా అత్తగారు కొడుకు వైపు చూశారు. కొడుకు పచ్చడి సీసా వైపు చూశాడు. ఎద్దు పేరు తెలుసు, ఈడ్చే కాలు ఏదో తెలుసు, ఆమె పేరు ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

తర్వాతి వాళ్ళ గురించి అడిగాడు. ఆవిడ బాగా వండేదంట. ఆవిడకి ఓపిక ఎక్కువంట. ఆవిడ నాలుగో కాన్పులో పోయిందంట. ముదీర్ పెన్సిలు పట్టుకుని ఆగిపోయాడు, గడిలో రాయడానికి ఏముంది? నాకు నవ్వు పోయింది. బాలింతని, ఆ నాలుగో కాన్పు మాట నాకే తగిలింది. ఎవరి కూతురో, ఏ ఊరి నుంచి వచ్చిందో, పురిట్లో పోయింది, అంతే, ఖలాస్.

"ఆడవాళ్ళ ద్వారా వచ్చిన వస్తువేదైనా ఉందా?" అని చివరికి అడిగాడు.

మా అత్తగారి మొహం వెలిగింది. పడగ్గది గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళారు. దొరగారు సీమ నుంచి తెచ్చిన దోమతెర అని మా ఆయన ఇంగ్లీషులో చెప్పాడు. ముదీర్ కళ్ళజోడు పెట్టుకున్నాడు, తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. ఒక సీసపు గుండుని పట్టుకుని చూశాడు. కన్నంలోంచి తన లావాటి వేలు దూర్చి అవతలి వైపు ఆడించాడు.

"మా దేశంలో దోమతెరలకి సీసం కట్టం," అన్నాడు మెల్లగా.

వంటింట్లోంచి నా ఆడబడుచు వచ్చింది. చేతులు తుడుచుకుంటూ చెప్పింది, "అమ్మా, అది వల. చేపల వల. వాళ్ళ ఇళ్ళల్లో కూడా పురిటి గదికి ఇలాగే కడతారంట. గాలీ ధూళీ సోకకుండా."

వాళ్ళ ఇళ్ళు అంటే ఎవరి ఇళ్ళో అందరికీ అర్థమైంది.

"నోరుముయ్యవే," అన్నారు అత్తగారు. "వలంట. చేపలోడితో తిరిగితే అన్నీ వలల్లానే కనపడతయ్యి. ఇందులో పనితనం చూపిస్తా, చూడండి." తెర దించి, కుర్చీలో కూర్చుని, ఒక కొస కాలి బొటనవేలికి తగిలించుకుని, వెదురు సూది తీశారు. చేతులు పరిగెత్తాయి. పుల్ల మీద దారం తిరగడం, ముడి పడడం, బిగించడం, కళ్ళు అటు చూడనక్కర్లేదు. నోరు మాత్రం దొరసానుల గురించి చెబుతోంది.

ముదీర్ నా వైపు చూశాడు. నేనూ ఆయన వైపు చూశాను. అబూదబీ ఒడ్డున పడవల పక్కన కూర్చుని, కాలి బొటనవేలికి కొస తగిలించుకుని, అచ్చం ఇలాగే, ఈ వేళ్ళతోనే వలలు బాగుచేసుకునే మనుషుల్ని మేమంతా రోజూ చూస్తాం. మా అత్తగారు కూడా మొన్న సాయంత్రమే చూశారు. మాట మధ్యలో ఆవిడ కళ్ళు తన కాలి మీద పడ్డాయి. చేయి తనంతట తనే ఆగిపోయింది.

ముదీర్ మర్యాదస్తుడు. పులుసు చాలా బాగుందని చెప్పి, కాగితం మా దగ్గరే వదిలి, తెలిసినంత మట్టుకు నింపి ఇమ్మని వెళ్ళిపోయాడు.

ఆ మొదటావిడ గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. ఎడ్ల దొరని కట్టుకుంది, మతం పుచ్చుకుంది. తొలి కాన్పుకి తన వాళ్ళ ఇళ్ళల్లో కట్టినట్టే గుమ్మానికి వల కట్టుకుని ఉంటుంది. పాదిరీగారు వచ్చి ఈ అన్యాచారం ఏమిటని గద్దించి ఉంటారు. అయ్యో, ఇది దొరగారి దోమతెరండీ అని ఉంటుంది, మొహం కదలకుండా. ఆ ఒక్క అబద్ధంతో తన పుట్టింటి ఆచారాన్ని ఇన్ని తరాలు దొర ఖాతాలో నడిపించింది. ఇదంతా నా ఊహే, రుజువేం లేదు. కానీ ఆవిడ నాకు అత్తగారై ఉంటే మా ఇద్దరికీ బాగా కుదిరేది.

మా అత్తగారు రెండు రోజులు మంచం దిగలేదు. రొట్టె కూడా మానేశారు. నాకు జాలి వేసింది. పాపం, అడ్డు తొలగింది, ఇక పెళ్ళికి ఒప్పుకుంటారు అనుకున్నాను. మూడో రోజు పొద్దున్నే తల దువ్వుకుని, పౌడరు రాసుకుని వచ్చి కూర్చున్నారు.

"సరే, దొరసాని పల్లెకారు పిల్లే అనుకుందాం. కానీ సముద్రం మీద వేటాడే వాళ్ళ పిల్ల. ఉప్పునీళ్ళోళ్ళు. ఈ అబ్బాయి వాళ్ళు కాలవలో చేపలు పట్టేవాళ్ళు. ఉప్పునీళ్ళోళ్ళు మంచినీళ్ళోళ్ళకి పిల్లనెట్టా ఇస్తారు?"

చింత చచ్చినా పులుపు చావదంటే ఏమిటో ఆ రోజు కళ్ళారా చూశాను. రెండు రోజుల క్రితం ఇంగ్లండు రక్తం, ఇవాళ బంగాళాఖాతం రక్తం, కింద ఉండాల్సినవాడు మాత్రం అతనే.

"సముద్రం వాళ్ళని మీకెవరు చెప్పారత్తయ్యా?" అన్నాను.

"దొరని కట్టుకుంది కదా. ఓడ సముద్రం మీదే వస్తది గానీ కాలవలో వస్తదా?"

మా ఆయన "అమ్మ చెప్పిందాంట్లోనూ పాయింటుంది," అన్నాడు. ఆ పూట అతనికి అన్నంలోకి పచ్చడి మాత్రమే పెట్టాను.

నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ, నా ఆడబడుచు చిక్కిపోతోంది. నేను మళ్ళీ డ్యూటీలో చేరాను, తను మందు ఒకరిది ఒకరికి ఇవ్వబోతే చూసి ఆపాను. ఆ అబ్బాయి సెలవు మీద ఊరెళ్ళే రోజు దగ్గర పడింది. అక్కడ వాళ్ళవాళ్ళు మేనమామ కూతుర్ని సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నారు. ఇటు మా అత్తగారి వీసా అయిపోవస్తోంది. ఆవిడ కాదని విమానం ఎక్కితే ఇక ఆ పెళ్ళి లేదు. పెద్దల మాట లేనిదే చేయనని పాస్టరుగారు చెప్పేశారు. అమ్మ నోటితో అవునంటేనే చేసుకుంటానని ఈ పిచ్చిపిల్ల కూడా మొండిపట్టు పట్టింది. "వదినా, అమ్మని ఏడిపించి చేసుకుంటే అది పెళ్ళవదు," అంది. నేనైతే ఎప్పుడో చేసుకునేదాన్ని.

ఆ వారమే ఒక సాయంత్రం మా ఆయన కలం తీసుకుని ముదీర్ కాగితం ముందు కూర్చున్నాడు. ఆఫీసు పనంటే అతనికి భయభక్తులు. ఖాళీ గడులన్నిట్లో నీటుగా గీతలు గీసుకుంటూ వచ్చాడు. చివరి గడి అతని తల్లిది. అక్కడ ఆగి, వంటింటి వైపు తిరిగి నన్ను పిలిచాడు.

"ఏమోయ్, అమ్మ పుట్టింటి పేరేంటి?"

తల్లి ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు.

నాకూ తెలియదు. ఆవిడ పుట్టింటి గురించి ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఒక్క మాట అనగా వినలేదు. పెళ్ళిళ్ళకి ఆ వైపు నుంచి ఎవరూ రారు. ఆవిడ దొరగారింట్లో పుట్టినట్టే మేమంతా మాట్లాడుకునేవాళ్ళం. ఆవిడా అలాగే మాట్లాడేవారు.

నా ఆడబడుచు బట్టలు మడత పెడుతున్నదల్లా ఆపింది. "అన్నయ్యా, వదినని అడుగుతావేంటి? అమ్మా, నీది ఏ ఇల్లు?"

"నాదేముందే. దొరగారింటి కోడలని రాయమను."

"అది పెళ్ళయ్యాక. అంతకుముందు?" అంది. జవాబు రాకపోతే పక్కకొచ్చి కూర్చుంది. గొంతు పెంచలేదు. "దొర రక్తం, దొర రక్తం అని నన్ను ఇన్నాళ్ళు ఏడిపించావు. నీ ఒంట్లో అది లేదు కదమ్మా. నువ్వు బయటి నుంచి వచ్చినదానివి కదా. ఎక్కడి నుంచి వచ్చావు?"

చిక్కుడుకాయలు పళ్ళెంలో అలాగే ఉండిపోయాయి. మా అత్తగారు చెప్పడం మొదలుపెట్టారు. ఎవరి వైపూ చూడలేదు.

"మా నాన్న బందరు సమాధుల తోటలో గోతులు తవ్వేవాడు. దొరల సమాధులు ఉండే తోట. అక్కడే పాకలో పుట్టాను. ఆ రాళ్ళ మీద అక్షరాల్లో వేలు పెట్టి ఆడుకునేదాన్ని. మీ నాన్నవాళ్ళు సమాధికి సున్నం వెయ్యడానికొచ్చి నన్ను చూసి చేసుకున్నారు. ఇయ్యాళ్టితో ఆ పాక లేదనుకో అంది మా అత్త. అనుకున్నాను."

"తాత మళ్ళీ రాలేదా?"

"ఒకసారొచ్చాడు. తోటలో జామకాయలు కాస్తే కండవాలో మూటగట్టుకుని తెచ్చాడు. హాలు నిండా చుట్టాలున్నారు. మెట్ల కాడ నిలబడ్డాడు. ఎవరమ్మా ఆ వచ్చిందని లోపల్నుంచి అడిగారు. గోతులు తవ్వే మనిషండి, కూలి కోసం వచ్చినట్టున్నాడు అన్నాను." చేతిలో ఉన్న చిక్కుడుకాయ పళ్ళెంలో పెట్టారు. "ఆయన విన్నాడు. నవ్వి, అవునమ్మగారూ అన్నాడు. మా నాన్న నన్ను అమ్మగారూ అన్నాడే."

నేను ఆసుపత్రిలో చావులు చూసినదాన్ని, అంత తొందరగా ఏడవను. ఆ రోజు ఏడ్చాను.

అప్పుడు మా ఆయన చేసిన పని ఈ జన్మకి మరచిపోను. కలానికి మూత పెట్టాడు. "ఈ గడి కూడా గీత గీసేద్దామమ్మా," అన్నాడు, ఎంతో గౌరవంగా. "ముదీర్ చూస్తాడు కదా, బాగోదు."

మా అత్తగారు కొడుకు వైపు చూశారు. తిడతారనుకున్నాను. తిట్టలేదు. ఆ రోజు మెట్ల దగ్గర తండ్రిని కాదన్న తన మొహమే కొడుకులో కనపడినట్టు చూశారు.

"గీసుకోరా," అన్నారు. "నీ తప్పు కాదు, నేను పెంచినోడివి." తర్వాత కూతురితో, "ఆ అబ్బాయిని ఈ శుక్రారం లోపలికి రమ్మను. వాళ్ళ పెద్దలకి ఉత్తరం నేను రాయిస్తా."

నా నోరు ఊరుకోదు కదా. "మరి మంచినీళ్ళోళ్ళు కదా అత్తయ్యా?" అన్నాను, కళ్ళు తుడుచుకుంటూనే.

"నువ్వు నోరు మూసుకుని ఆ చిక్కుడుకాయలు పొయ్యి మీదెయ్యమ్మాయ్."

వీసా ఇంకో నెల పొడిగించాం. పెళ్ళి అబూదబీ చర్చి ఆవరణలో, మా తెలుగు సంఘం ఆరాధన జరిగే హాల్లో, ఒక శుక్రవారం సాయంత్రం. తండ్రి లేడు కాబట్టి పిల్లని అన్నగారు అప్పగించాలి. మా ఆయన దానికోసం సూటు ఇస్త్రీ చేయించుకున్నాడు, అద్దం ముందు రెండడుగులు వేయడం కూడా సాధన చేశాడు.

"ఈ కుమార్తెను ఎవరు అప్పగిస్తున్నారు?" అని పాస్టరుగారు అడిగారు.

మా ఆయన ముందుకు కదిలాడు. మా అత్తగారు చేత్తో అడ్డుకుని, లేచి, కూతురి పక్కకి వెళ్ళారు. ముందు ఒక ఇంటిపేరు చెప్పారు, తర్వాత ఒక మగమనిషి పేరు చెప్పారు, "ఆయన కూతుర్ని. నేనిస్తన్నానండి," అన్నారు.

ఆ పేరు అక్కడెవరూ అంతకుముందు విని ఉండలేదు. వెనక బెంచీలోంచి బందరువాళ్ళు ఎవరో, ఆయనెవరండీ అని గుసగుసగా అడిగారు.

మా అత్తగారు వెనక్కి తిరిగారు. "సమాధుల తోటలో గోతులు తవ్వేవాడు," అన్నారు, హాలంతా వినబడేలా. "మా నాన్న."